ఊపిరికి యతి

ఉబ్బసం మనిషికి ఊపిరి అందదని లోకం అనుకుంటుంది. నిజానికి మా బాధ లోపలికి పోయిన ఊపిరి బయటికి రాకపోవడం! గొట్టాలు వాచి బిగుసుకుంటాయి. పాతగాలి పూర్తిగా పోకముందే కంగారుపడి కొత్తగాలిని కుక్కుతాం. రొమ్ము తిత్తిలా ఉబ్బి, పిల్లికూతలు మొదలు.

మా ఆత్మకూరులో దీనికి సాకులకు కొదవలేదు. కళ్ళాల్లో పొట్టు లేచినా, చలికాలం తెల్లవారుజామున నల్లమల వైపునుంచి మంచుగాలి దిగినా, అంతెందుకు, వంటింట్లో మిరపకాయల తిరగమోత పడినా చాలు. నా వృత్తి చూస్తే పద్యాలు చదివి చెప్పడం! శార్దూల పాదానికి 19 అక్షరాలు, యతిస్థానం 13వది. నాకేమో ఆరో అక్షరం దగ్గరే యతి పడేది. వెనకబెంచీ కుర్రాళ్ళు అది నా పఠనశైలి కాబోలు అనుకున్నారు.

డాక్టరుగారు పీల్చే మందు రాసి, దానితోపాటు ఒక సాధన నేర్పారు. పొట్టమీద చెయ్యి ఉంచుకుని, అది లేచేటట్టు ముక్కుతో నింపాదిగా పీల్చాలి. పెదవులు సున్నా చుట్టి, ఎదుట దీపముంటే వణకాలేగాని ఆరిపోకూడదన్నంత మెల్లగా, పీల్చినదానికి రెట్టింపుసేపు వదలాలి. పొద్దునా సాయంత్రమూ పది నిమిషాలు. మొదటిరోజు మా ఆవిడ చూసి, "ఇంట్లో గ్యాసు ఉండగా పొయ్యి ఊదుతారెందుకండీ?" అంది.

1950లలో రష్యాలో బుటేకో అనే వైద్యుడు, ఉబ్బసగాళ్ళు అతిగా ఊపిరి పీలుస్తారనీ, తగ్గించడమే చికిత్స అనీ వాదించాడు. ఆ సిద్ధాంతం మాటెలా ఉన్నా, తరువాతి పరీక్షలలో తేలిందేమిటంటే, ఇటువంటి సాధనవల్ల ఆదుర్దా, ఆయాసం తగ్గి బ్రతుకు కాస్త సుఖపడుతుంది. ఊపిరితిత్తుల బలం మాత్రం పెద్దగా మారదు. గొట్టాల వాపును తీసేది మందే. "పంపు పట్టితే వదలదట" అని భయపడి, ప్రాణాయామం ఉందిగదా అని దాన్ని అటకెక్కించేవారిని చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. ఆయాసం ముంచుకొచ్చినప్పుడు కపాలభాతి మొదలుపెట్టేవారి సంగతి చెప్పనే అక్కరలేదు.

మృగశిర కార్తెకు హైదరాబాదులో చేపమందుకోసం బారులుతీరే జనాన్ని చూసి నవ్వేవారున్నారు. నేను నవ్వలేను. ఊపిరాడనివాడు ఏ తలుపైనా తడతాడు.

ఇప్పుడు శార్దూలపాదం ఒక్క ఊపిరిలో దాటుతున్నాను. 20 అక్షరాల మత్తేభం ఇంకా మొరాయిస్తూనే ఉంది. మంచు బాగా దిగిన రోజుల్లో, జేబులో మందు ఉంచుకునే, పాఠాన్ని ఆటవెలదుల్లోకి మళ్ళిస్తాను.