వారం మందు

నేను తెలుగు మేష్టర్ని. ఇరవయ్యేళ్ళుగా కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. వ్రాతప్రతుల్లో లేఖకులు చేసిన తప్పుల్ని గురించి పిల్లలకు చెప్పటమంటే నాకు మహా సరదా. 'ప'కు బదులు 'వ' పడటం, తలకట్టు ఎగిరిపోవటం, కళ్ళు తప్పి ఒక పాదం మరో పాదంలో కలిసిపోవటం ఇవన్నీ బోర్డుమీద వేసి మరీ చూపిస్తాను. బ్రౌను దొర కడపలో సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని, ఒక్కో కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి పోల్పించాడర్రా, ఒక్క ప్రతిని నమ్మకూడదర్రా అని గొంతు చించుకుంటాను. ఇంతటి పండితుణ్ణీ మా అమ్మ మందుచీటీ దగ్గర బోర్లా పడ్డాను.

మా అమ్మకు డెబ్భైమూడేళ్ళు. కీళ్ళవాతం. పొద్దున్నే కాఫీగ్లాసు పట్టుకోవాలంటే ఆవిడకు రెండు చేతులూ కావాలి. రెండేళ్ళ క్రితం వేసంగిలో కీళ్ళ డాక్టరుగారికి చూపించాం. ఆయన మెథోట్రెక్సేట్ అనే మాత్ర, 10 మిల్లీగ్రాములది వ్రాశారు. నాతో ఏదో చెప్పారు కూడాను. సరిగ్గా అప్పుడే నా జేబులో ఫోను మోగింది. పరీక్ష పేపర్లు దిద్దే వ్యవహారం. ఒక చెవి డాక్టరుగారికీ, ఒక చెవి ఫోనుకూ ఇచ్చాననుకున్నాను గాని, రెండు చెవులూ ఫోనే తీసుకుంది.

మందులషాపు కుర్రాడు చీటీ చదివి, మాత్రల అట్టమీద "వారం - 1" అని పెన్నుతో వ్రాసి ఇచ్చాడు. వారానికి ఒకటని వాడి భావం. ఇంటికి వచ్చాక అమ్మ కళ్ళజోడు పెట్టుకుని అది చదివి, "వారం ఒకటి అంటే ఏమిట్రా?" అని అడిగింది. నేను పేపర్లలోంచి తల ఎత్తకుండానే, "వారం రోజులు వాడాలమ్మా, రోజుకొకటి" అన్నాను. తెలుగు ఎం.ఏ. చెప్పిన తాత్పర్యం గదా, ఆవిడ మరి శంకించలేదు.

అయిదో రోజున నోరు పూసింది. ఎండలకు వేడి చేసిందన్నాం. మజ్జిగ ఇచ్చాం, సబ్జాగింజలు నానబెట్టి ఇచ్చాం. ఆరో రోజున మంచినీళ్ళు కూడా మింగుడు పడలేదు. ఏడో రోజు సాయంత్రానికి జ్వరం, కాళ్ళమీద ఎర్రని చుక్కలు. అప్పటికీ ఏడో మాత్ర వెయ్యబోతుంటే మా ఆవిడ అడ్డుపడింది.

"ఈ మందు మొదలెట్టాకే గదండీ ఇదంతా? ముందు డాక్టరుగారికి ఫోను చెయ్యండి."

చెప్పటానికి సిగ్గుగా ఉంది గాని, "మందు మధ్యలో ఆపకూడదోయ్" అన్నాను. ఆవిడ నా మాట వినలేదు. చాలా విషయాల్లో ఆవిడ నా మాట వినదు. ఆ పూట కూడా వినకపోబట్టి మా అమ్మ మిగిలింది.

ఫోనులో డాక్టరుగారు మొట్టమొదట అడిగింది, "ఎన్ని వేశారు?" అని. ఆరు అన్నాను. అవతల ఒక క్షణం చప్పుడు లేదు. "అవి ఆరు వారాల మాత్రలండీ" అన్నారు.

తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. తెల్లకణాలు పడిపోయాయి, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. కొత్త కణాలు పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలిట; దాని పనికి ఈ మందు అడ్డుపడుతుందిట. వారానికొకసారి వేసుకుంటే వాతం అదుపులో ఉంటుంది. రోజూ వేసుకుంటే ఎముకల మూలుగలో రక్తం తయారవటమే ఆగిపోవచ్చు. నోటిలోపలి పొర తొందరగా అరిగి తొందరగా పుట్టేది గనక ముందు అక్కడ బయటపడుతుంది. పైగా మందు బయటికి పోవలసింది మూత్రపిండాల గుండా. ముసలివాళ్ళకు అవి మందకొడి. విరుగుడుగా ఫోలినిక్ ఆమ్లం ఇంజక్షన్లు ఇచ్చారు. "ఇది మీరొక్కరే చేసిన పొరపాటు కాదు, అన్ని దేశాల్లోనూ జరుగుతోంది, ప్రాణాలు కూడా పోయాయి" అన్నారు డాక్టరుగారు, నన్ను ఓదార్చటానికో భయపెట్టటానికో.

మూడో రోజు రాత్రి వరండాలో బెంచీమీద కూర్చుని జేబులోంచి చీటీ తీసి చూశాను. "వారానికి ఒక్కసారి మాత్రమే" అని ఇంగ్లీషులో, విడివిడి అక్షరాల్లో, కింద గీత గీసి మరీ వ్రాసి ఉంది. వైద్యులు మందుల అసలు పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో వ్రాయాలని అప్పటి భారత వైద్యమండలి 2016లో నిబంధన తెచ్చింది. ఆయన చక్కగానే వ్రాశారు. చదవవలసినవాడు చదవలేదు. 'వారం' అంటే ఏడు రోజులనీ, ఆ ఏడింటిలో ఒక రోజనీ రెండర్థాలున్నాయని నిద్రలో లేపి అడిగినా చెప్పగలవాణ్ణి!

అప్పట్నించీ నాకొక చాదస్తం పట్టుకుంది. డాక్టరుగారు చెప్పిందంతా, పిల్లాడు పద్యం అప్పజెప్పినట్టు ఆయనకే తిరిగి అప్పజెబుతాను: మాత్ర దేనికి, ఏ పూట, ఎన్నాళ్ళు, మరిచిపోతే ఏం చెయ్యాలి, ఏం కనిపిస్తే ఆపి పరుగెత్తుకు రావాలి. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. చీటీలో ఓ.డి. అంటే లాటిన్లో రోజుకొకసారి. అదే కంటి డాక్టరు వ్రాస్తే కుడికన్ను. ఎస్.ఓ.ఎస్. అంటే ఓడ మునిగేటప్పటి కేక కాదు, అవసరమైతేనే వేసుకొమ్మని. ఈ పొడి అక్షరాలన్నిటికీ నా నోటుపుస్తకంలో టీక వ్రాసుకున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు మందుల పొరపాట్లు తగ్గించాలని 2017లో పెద్ద ప్రయత్నం మొదలుపెట్టారు. మందు మొదలెట్టేటప్పుడు, వేసుకునేటప్పుడు, కొత్తది కలిసేటప్పుడు, ఉన్నవాటిని మళ్ళీ చూసుకునేటప్పుడు, ఆపేటప్పుడు రోగి ప్రశ్నలడగాలన్నారు. అది చదివి ఇంట్లోని మందులన్నీ గుడ్డసంచీలో వేసుకుని డాక్టరుగారి బల్లమీద గుమ్మరించాను. మా ఆవిడ జ్వరానికని డోలో, ఒళ్ళునొప్పులకని కాల్‌పాల్ విడివిడిగా వేసుకుంటోంది. పేర్లే రెండు, సరుకు ఒకటే, పారాసిటమాల్. అడుగున అమ్మకు ఎప్పుడో మూత్రంలో మంటకని కొన్న సల్ఫా మాత్రలు, కోట్రైమోక్సజోల్, ఒక అట్ట దొరికింది. ఆ సల్ఫా మాత్రల్ని మెథోట్రెక్సేట్‌తో కలిపి వేస్తే మళ్ళీ రక్తకణాలకే ముప్పని డాక్టరుగారు దాన్ని తన చెత్తబుట్టలో వేశారు.

రెండు నెలల తర్వాత, రక్తపరీక్షలన్నీ కుదుటపడ్డాక, అదే మందు తక్కువ మోతాదులో మళ్ళీ మొదలుపెట్టారు. ఏ రోజున వేసుకుంటారని అమ్మనే అడిగారు. "శనివారం. ఆ రాత్రి నాకు పలహారమే గనక మరిచిపోను" అంది. మందు అట్టమీద ఇప్పుడు ఏడక్షరాల తేడా కూడా లేకుండా 'శనివారం మాత్రమే' అని పెద్దగా వ్రాసి ఉంటుంది. ఫోలిక్ ఆమ్లం మాత్రకు వేరే డబ్బా, వేరే రోజు.

అయినా ప్రతి శనివారం రాత్రీ ఉప్మా తిన్నాక మాత్ర అరచేతిలో పెట్టుకుని నన్ను కేకేస్తుంది.

"ఒరే, ఇవాళ ఏ వారంరా?"

"శనివారమమ్మా."

"ఉండు. కోడల్ని కూడా అడగనీ. నువ్వు తెలుగు మేష్టరువి."