కృష్ణ ఒడ్డున బార ఈత

విజయవాడలో దుర్గమ్మ దర్శనం చేసుకుని అదే బస్సులో తిరిగి వచ్చేసే పాఠకులకు ఒక సూచన. ఈసారి వెళ్లినప్పుడు తెల్లవారగానే ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఘాట్ మెట్లమీద ఒక అరగంట కూర్చోండి. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ నీటిని నిలబెట్టడంవల్ల, వరద లేని రోజుల్లో కృష్ణ ఇక్కడ పెద్ద చెరువులా వుంటుంది. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ. పొద్దున్నే ఈదేవారిలో తల నెరిసినవారు చాలామందే కనిపిస్తారు.

వారి తలలను గమనించండి. చిన్నప్పుడు బావిలోనో కాలవలోనో నడుముకి సొరకాయ బుర్రలు కట్టుకుని ఈత నేర్చినవారు సాధారణంగా తల నీటిపైకి ఎత్తే బారలు వేస్తారు. ఒడ్డు చేరడానికి ఆ ఈత చాలు. యాభయ్యో యేట వ్యాయామంగా ఈదాలంటే మాత్రం చాలదు. ఇరవై బారలకే ఆయాసం, మెడ పట్టేయడం. "గుండె బలహీనపడిందా డాక్టరుగారూ?" అంటూ వస్తారు. మెట్లెక్కినా రొప్పు, ఛాతీలో బరువు వున్నవారు ముందు పరీక్ష చేయించుకోవలసిందే. గుండెలో దోషం లేదని తేలినవారిలో చాలామందికి చిక్కు తలతోనే.

ఊపిరితిత్తుల్లో గాలి వుంది గనుక ఛాతీ తేలుతుంది, కాళ్లు మునుగుతాయి. సుమారు అయిదు కిలోల తలను పైకెత్తితే, తక్కెడలో రెండో సిబ్బిలాగా నడుము ఇంకా కిందికి దిగుతుంది. దాన్ని తేల్చడానికి కాళ్లు గబగబ తన్నుతారు. తొడలవి పెద్ద కండరాలు. వాటికి ఎంత ప్రాణవాయువు పంపినా చాలదు!

రెండో చిక్కు ఊపిరి. మొహం నీళ్లలో వున్నంతసేపూ గాలి బిగపట్టి, తల తిప్పిన ఒక్క క్షణంలో వదలడమూ పీల్చడమూ రెండూ చేయబోతారు. వ్యవధి చాలదు. మిమ్మల్ని ఉక్కిరిబిక్కిరి చేసేది ముఖ్యంగా లోపల పేరుకున్న బొగ్గుపులుసు వాయువు. అంచేత మొహం నీటిలో వుండగానే ముక్కుతో, నోటితో బుడగలు వదులుతూ వుండాలి. తల ఎత్తకుండా పక్కకి మాత్రం తిప్పి, ఒక కన్ను నీటిలోనే వుంచి పీల్చాలి. తలతోబాటు భుజమూ నడుమూ కూడా కొద్దిగా పక్కకి దొర్లితే మెడకు శ్రమ వుండదు.

ఈ సాధనకు నదికన్నా మునిసిపల్ ఈతకొలను మేలు. నడుంలోతు నీళ్లలో గోడ పట్టుకుని ఊపిరి ఒక్కటే వారం రోజులు అభ్యసించండి. తరువాత కొలను ఈ చివరినుంచి ఆ చివరికి ఎన్ని బారలు పడుతున్నాయో లెక్కపెట్టండి. లెక్క తగ్గుతూ వుంటే ఈత బాగుపడుతున్నట్టు. వేగం సంగతి మరచిపోండి. చేయి భుజానికి ఎదురుగా నీటిలో దిగాలి, తలముందు అడ్డంగా పోకూడదు.

నీళ్లలో దిగేముందు గబగబ పదిసార్లు ఊపిరి పీల్చి, మునిగి పందెం వేసే కుర్రవాళ్లని గట్టిగా మందలించండి. బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి, ఊపిరి కావాలన్న హెచ్చరిక రాకముందే స్పృహ తప్పుతుంది.

నదిలో ఈదేవారు నాలుగైదు బారలకోసారి ఎదర చూసుకోక తప్పదు. ఒంటరిగా దిగవద్దు. బ్యారేజీ తలుపుల దరిదాపులకీ, ఊళ్లోకి పోయే కాలవల మొగలకీ పోనేవద్దు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది కూడా ఈ చెరువులాంటి నీళ్లలోకే.

చెవి కారుతున్నవారు, కర్ణభేరికి చిల్లి వున్నవారు మానుకోవాలి. మధుమేహానికి ఇన్సులిన్, కొన్నిరకాల మాత్రలు వాడేవారికి ఈదుతుండగా చక్కెర పడిపోవచ్చు. మోతాదు సంగతి మీ డాక్టరుతో మాట్లాడండి. ఈదబోయేముందు రెండు ఇడ్లీలు తినండి, ఒడ్డున తువ్వాలులో పంచదార పొట్లం కట్టి వుంచుకోండి.