గీతకు అటూ ఇటూ

సాల్ట్ లేక్ సిటీలో ఉన్న మా అమ్మాయిని చూడబోయినప్పుడు, ఒక ఆదివారం అల్లుడుగారు నన్ను కారులో వెండోవర్ తీసుకువెళ్ళారు. సుమారు 120 మైళ్ళ ప్రయాణం. దారిలో కనుచూపుమేర ఉప్పు మైదానం. పట్టపగలే వెన్నెల పరిచినట్టుంది.

చూపులకు వెండోవర్ ఒకే ఊరు. కాని తూర్పు సగం యూటా, పడమటి సగం నెవాడా. వీధిలో తెల్లగీత గీసి హద్దు చూపించారు. గీతకు అటు జూదపు హోటళ్ళు, ఆటలమీద పందేలు కాసే కౌంటర్లు. నెవాడాలో 1949 నుంచీ అది చట్టం ఒప్పుకున్న వ్యాపారమే. ఇటు యూటాలో లాటరీ టిక్కెట్టు కూడా అమ్మరు. జూదానికి శాసనసభ అనుమతి ఇవ్వరాదని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

“దేశమంతటికీ ఒకే చట్టం లేదా?” అన్నాను.

“1992లో కేంద్రం ఒకటి చేసింది, మావయ్యగారూ. నెవాడా వంటి కొద్ది రాష్ట్రాలకు తప్ప తక్కినవాటికి ఆటల పందేలు కుదరవన్నారు. 2018లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఇప్పుడు ఏ రాష్ట్రం ఇష్టం దానిది. న్యూజెర్సీలో కాయవచ్చు, సొంత రాష్ట్రపు కాలేజీ జట్లమీద మాత్రం కాయరాదు! ఫోనులో కాద్దామన్నా, మనిషి ఏ రాష్ట్రంలో నిలబడ్డాడో చూసిగాని ఒప్పుకోదు.”

“ఇంత వివరంగా మీకెలా తెలుసు?” నవ్వుతూ అడిగాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. “ఏడాదిపాటు ప్రతి శనివారం ఈ గీత దాటానండి,” అన్నారు.

మూడేళ్ళ క్రితం అమ్మాయి ఉన్నట్టుండి డబ్బు పంపమనడం, ఎందుకో చెప్పకపోవడం గుర్తుకు వచ్చాయి.

“మీరు చూసి రండి. నేనిక్కడే ఉంటాను.”

నాకు వెళ్ళబుద్ధి కాలేదు. అమ్మాయి ఫ్లాస్కులో పోసి ఇచ్చిన కాఫీ, గీతకు ఇటుపక్కనే నిలబడి ఇద్దరం చెరిసగం తాగి, ఇంటిముఖం పట్టాం.