ముత్తంగి నుంచి మంచులోకి

మా ముత్తంగి పేరు మీలో చాలామంది విని ఉండకపోవచ్చు గానీ, పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు వెళ్ళినవాళ్ళంతా మా ఊరి మీదుగానే వెళ్ళి ఉంటారు. బొంబాయి రోడ్డు, ఔటర్ రింగు రోడ్డు కలిసేది మా దగ్గరే. ఫ్యాక్టరీల లారీలకు రాత్రీ పగలూ తేడా లేదు. అవి కార్చిన ఆయిలు మీద తొలకరి చినుకు పడిందంటే రోడ్డు కాస్తా జారుడుబల్లే! అప్పుడు మా వారు స్కూటరు ఎంత నెమ్మదిగా నడుపుతారంటే, వెనక కూర్చున్న నాకు దిగి నడవాలనిపిస్తుంది. "ముందు బ్రేకు గట్టిగా పట్టానా, ఇద్దరం బురదలోనే" అంటారు. పక్కనుంచి లారీ పోతే ఆ గాలికే బండి ఊగుతుంది.

మొన్న జనవరిలో అమ్మాయి పురిటికి చికాగో వెళ్ళాను. 2008కి ముందైతే కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో పడి బేగంపేట చేరాల్సి వచ్చేది. ఇప్పుడు రింగు రోడ్డు ఎక్కితే ముప్పావు గంటలో శంషాబాద్. పెట్టెలో శొంఠిపొడి, వాము, వెల్లుల్లి కారం సర్దుకున్నాను.

దోహాలో మారి చికాగోలో దిగీ దిగగానే ఫోను తెరిస్తే అల్లుడి కబురు: నొప్పులు మొదలయ్యాయి. నా ప్రాణం అక్కడుంది, విమానం చూస్తే నత్తనడక! కిటికీలోంచి అంతా తెలుపే. గాలికి మంచు పొడి లేస్తోంది, ఆగిన విమానం కూడా ఊగుతోంది. మలుపు వస్తే దాదాపు ఆగిపోవడమే. రెక్క వెనక పలకలు దిగినప్పటిలాగే వేలాడుతున్నాయి, మూయడం మరిచాడేమో అనుకున్నాను. మనసులో ఆ పైలట్‌ను తిట్టని తిట్టు లేదు. నేను ఆసుపత్రి చేరేసరికి మనవరాలు పుట్టి ఇరవై నిమిషాలు.

పదకొండో రోజున పాపను చూడ్డానికి అల్లుడి స్నేహితుడొకతను వచ్చాడు. విమానం నడుపుతాడట. నా కోపమంతా అతని మీద చూపించాను.

"ఆంటీ, కారుకు చక్రాలే కదా లాగేది? విమానం చక్రాలు ఊరికే దొర్లుతాయంతే. తోసేది ఇంజన్లు. తిప్పేది ముక్కు కింది చక్రం. మంచు మీద వేగంగా తిప్పితే ఆ చక్రం పక్కకు జారుతుంది, విమానం తిన్నగా పోతుంది. అందుకే మలుపుకు ముందే గంటకు పది కిలోమీటర్లకు అటూ ఇటూగా దించేస్తాం" అన్నాడు.

ఇంక గాలి సంగతి. మేడ మీద తడి దుప్పటి ఆరేసినప్పుడు గాలి కొడితే దండెమే లాక్కుపోతుంది కదా? నిలువుగా ఉన్న ఆ పెద్ద తోక కూడా అంతేనట. పక్కగాలి దాన్ని నెడితే ముక్కు గాలి వచ్చే వైపు తిరుగుతుంది. పొడి నేలైతే చక్రాలు పట్టు ఇస్తాయి, మంచు మీద ఆ పట్టు ఉండదు. ముందున్న విమానానికి దూరంగా ఉండాలి, దాని ఇంజన్ల గాలి మంచు గడ్డలు విసురుతుంది. పలకలు మూయనిదీ మరుపు కాదు. సందుల్లో మంచు ఇరుక్కుని ఉంటే మూసినప్పుడు దెబ్బతింటాయని చూసుకునిగానీ మూయరట.

నేల మీద నడక తేలికనుకుంటాం. మన గన్నవరంలోనే 2021 ఫిబ్రవరిలో దోహా నుంచి వచ్చిన విమానం దిగి, ఆగే చోటికి వెళుతూ రెక్కతో స్తంభాన్ని గుద్దింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

అమ్మాయి మాత్రం ఇప్పటికీ, "నువ్వొచ్చేసరికి అంతా అయిపోయిందమ్మా" అంటుంది. శొంఠిపొడి అన్నం తొలిముద్ద మాత్రం నా చేత్తోనే తింది.