మాస్టారి క్యావడి

పూర్వం అచ్చుతప్పు పడితే కంపోజిటరును తిట్టుకొనేవారు. ఈసారి తిట్టుకోవలసిన మనిషిని నేనే.

చిన్నప్పుడు నాచేత పలకమీద అక్షరాలు దిద్దించిన మాస్టారికి ఎనభయ్యోయేడు వచ్చింది. ఆయన పద్యాలు పుస్తకంగా వేద్దామని శిష్యులం చందాలు వేసుకొన్నాం. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఆవిష్కరణ. గడువు పట్టుమని పదిరోజులు. తెలుగు ఎమ్మే చదివిన పాపానికి పని నా నెత్తిన పడింది.

అశోక్‌నగర్‌లో పోటీపరీక్షల పుస్తకాల కొట్ల నడుమ ఒక డి.టి.పి. సెంటరుంది. అక్కడి అమ్మాయి పేజ్‌మేకర్‌లో కంపోజు చేసింది. 2001 తర్వాత దానికి కొత్త కూర్పంటూ రాలేదు. యూనికోడ్ దానికి తెలియదు. 1991 నుంచీ యూనికోడ్‌లో మన అక్షరాలకు సొంత ఇళ్ళున్నాయి. ఈ పాత పద్ధతిలో మాత్రం ఇంగ్లీషు అక్షరాల గదుల్లో అద్దెకుంటాయి. ఏ గదిలో ఎవరున్నారో ఆ ఫాంటుకే తెలియాలి. వత్తులకు వేరే గదులు.

పి.డి.ఎఫ్. చేసి ఇస్తూ, "ఫాంట్లన్నీ ఎంబెడ్ చేశాను సార్. ప్రెస్సులో దీన్ని తెరిచి దిద్దనివ్వకండి. వాడిన అక్షరాలే ఇందులో ఉంటాయి, కొత్తది కావాలంటే దొరకదు" అంది. తల ఊపాను. ఊపడానికేం!

ఫైలు నారాయణగూడలో ఒక ప్రెస్సుకిచ్చాను. రాత్రి పడుకొన్నాక గుర్తొచ్చింది, ముందుమాటలో మాస్టారి ఊరిపేరు తప్పుపడిందని. మళ్ళీ అశోక్‌నగర్ వెళ్ళడానికి బద్ధకించి, తెల్లవారగానే ప్రెస్సుకు ఫోను చేశాను. "ఒక్క అక్షరం బాబూ, మీరే దిద్దేయండి."

ఆ కుర్రవాడు మంచివాడు, కాదనలేదు. పి.డి.ఎఫ్.ను మరో సాఫ్టువేరులో తెరిచాడు. ఎక్కడ తెరిచినా పేజీ ఒకేలా కనబడాలని 1993లో అడోబీ వారు తెచ్చిన ఏర్పాటది. చూడటానికేగాని దిద్దడానికి కాదు. అతని కంప్యూటరులో అదే పేరుగల ఫాంటుంది. పేరొకటే, గదుల అమరిక వేరు. మొదటి ఫారం పదహారు పేజీలూ ఆ ఫాంటులోకి మారిపోయాయి.

మామూలుగా అయితే పేజీనిండా పిచ్చిగీతలు పడి గుట్టు బయటపడేది. మా దురదృష్టం, అన్నీ కుదిరి ఒక్క గది ఖాళీగా ఉంది. అది య వత్తుది.

ప్లేట్లు చేసేముందు ప్రూఫు తెప్పించి, తిరగేసి, బాగుందనుకొన్నాను. మాస్టారు సంతోషిస్తారు గదా అని చిక్కడపల్లిలో వారింటికి పట్టుకెళ్ళాను. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"ఒరే, క్యావడి ఏదిరా?"

య వత్తును ఆయన ఇప్పటికీ క్యావడి అనే అంటారు. తీరా చూద్దును గదా, 'సత్యం' 'సతం' అయి కూచుంది. అది పట్టుకోకపోవడం సిగ్గుచేటు. కాని 'పద్యం' 'పదం' అయింది, 'గద్య' 'గద' అయింది. రెండూ మాటలేనాయె, కంటికి ఆనలేదు! ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

రాత్రికి రాత్రి అశోక్‌నగర్ పరుగెత్తాను. అమ్మాయి అసలు ఫైలులోనే ఊరిపేరు దిద్ది కొత్త పి.డి.ఎఫ్. చేసింది. ఫాంట్ల పట్టీ తెరిచి, ప్రతి పేరు పక్కనా 'ఎంబెడెడ్ సబ్‌సెట్' అన్నమాట నాచేత చదివించింది. అట్టమీది పేరును మాత్రం కర్వులుగా మార్చింది. అప్పుడది అక్షరం కాదు, బొమ్మ. ఏ ఫాంటూ అక్కర్లేదు. పుస్తకమంతా అలాగే చేయరాదా అన్నాను. ఫైలు బరువెక్కుతుందనీ, చిన్నక్షరాలు ఒక్కోసారి లావుగా పడతాయనీ అంది.

ఆవిష్కరణనాడు అధ్యక్షులవారు మాస్టారిని పొగుడుతున్నారు. మాస్టారు కళ్ళజోడు సవరించుకొని, మొదటి ఫారం పేజీలమీద వేలుపెట్టి నెమ్మదిగా వెతుకుతున్నారు. నేను వెనకవరుసలోకి వెళ్ళి కూచున్నాను.