ఇంటి వేగు

మా వారు ఉపాధ్యాయులు. మొన్నటి దసరా సెలవులలో వారు జార్జి ఆర్వెల్ 1949లో ప్రకటించిన ‘నైన్‌టీన్ ఎయిటీఫోర్’ అను నవలను దెచ్చి, రాత్రులందు భోజనానంతరము మాకు దాని కథ చెప్పుచుండిరి. ఆ గ్రంథకర్త 1903లో మన దేశమునందే, బీహారులోని మోతీహారిలో జన్మించెను. ఆ కథలో పార్టీవారి యిండ్ల గోడలకు తెరలుండును. మనుష్యులు వానిని జూచుటయే కాదు, అవియు మనుష్యులను జూచును. ఎప్పుడు చూచునో యెవ్వరికిని దెలియదు. కన్నకూతురే తలుపు సందున చెవియొగ్గి, తండ్రి నిద్రలో పలికిన మాటను బట్టి యధికారులకు జెప్పును.

మాకీ భయము క్రొత్తది గాదు. చిన్ననాట తాతగారు మాకు ముద్రారాక్షసమును పాఠము చెప్పిరి. అందు చాణక్యుని వేగు నిపుణకుడు యమపటము చేతబట్టి పాడుచు చందనదాసు నింటికి బోవును. అయిదేండ్ల పసివాడు వేడుకతో వాకిటికి రాగా, తల్లి వానిని లోనికి లాగును. ఆ తొందరలో నామె వ్రేలి యుంగరము జారి వేగు పాదములచెంతకు దొర్లును. దానితో రాక్షసామాత్యుని గుట్టు బయటపడెను. బిడ్డను దాచబోయిన చేయియే యింటిని బట్టియిచ్చెను!

నేడు మన వ్రేళ్లనుండి యిట్టి యుంగరములు దినమునకు నూరు జారుచున్నవి. పాలవానికి ఫోనుద్వారా చెల్లించిన పైకము, వెదకిన మందు పేరు, నడచిన వీధి, అన్నియు నెచ్చటనో లిఖితమగుచున్నవి. ఫోను మన మాటలు వినుచున్నదని మా పొరుగింటి పిన్నిగారి నమ్మకము. రహస్యము చెప్పవలసివచ్చిన ఆమె దానిని బియ్యపు డబ్బాలో బెట్టి మూతవేయుదురు. మేము నవ్వితిమి. “విననక్కరలేదు. మనము వెదకినది, తిరిగినది తెలిసిన జాలును, మన మనసు నూహింపవచ్చును” అని మా వారనిరి. నవ్వు ఆగిపోయెను.

అయినను మేము చేయుచున్న పని మాకు స్ఫురింపలేదు. పదియవ తరగతి చదువు మా యమ్మాయి సాయంకాలము ట్యూషనునకు బోవును. దానికి ఫోను కొనియిచ్చిననాడే, అది యెచ్చట నున్నదో మా ఫోనున గనబడునట్లు అమర్చితిమి. దానితో జెప్పలేదు. తిరుగమోత వేయుచు గూడ ఆ నీలిచుక్కనే చూచుచుంటిమి. ఒకనాడా చుక్క యెరుగని వీధిలో అరగంట నిలిచెను. ఇంటికి రాగానే గద్దించితిమి. అది యేడ్చుచు నొక స్నేహితురాలి యింటి కష్టమును జెప్పి, “ఎవ్వరికిని జెప్పనని ఒట్టు వేసితిని, అమ్మా! నీవు నాచేత జెప్పించితివి. ఎన్నాళ్లనుండి నన్ను కనిపెట్టుచున్నావు?” అనెను. ఆ కష్టమేమో యిచ్చట వ్రాయము. అది మా సొత్తు గాదు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టునందు తొమ్మండుగురు న్యాయమూర్తులు, గోప్యత ప్రాథమికహక్కని యేకగ్రీవముగా తీర్పు చెప్పినప్పుడు మేమెంతయో హర్షించితిమి. మాకు గావలెనన్న దానిని బిడ్డకు మేమే లేకుండ జేసితిమి. నవలలో కూతురు తండ్రిని బట్టియిచ్చెను. మా యింట తల్లియే వేగయ్యెను.

ఆ రాత్రి బిడ్డ చేతనే ఆ యేర్పాటును దీసివేయించితిమి. ఆలస్యమైనచో తానే ఫోను చేయుదునని మాట యిచ్చినది. మరునాడు గడియసేపు దాటినను రాలేదు. గుండె దడదడలాడుచుండ వాకిట నిలిచితిమి. అంతలో ఫోను మ్రోగెను: “అమ్మా! సైకిలు గొలుసు ఊడినది. నడచి వచ్చుచున్నాను.”

లోకములోని తెరలను దొలగించు శక్తి మనకు లేదు. సోదరీమణులారా! మీ చేతిలోను అట్టి చుక్క యున్నదా? ఉన్నచో, మీ బిడ్డకు దెలియునా?