ఆర్గాన్ ఇల్లు మారింది

ఇంగ్లండులో చర్చీలు మూతపడుతుంటే వాటి ఆర్గాన్లు కొన్ని జర్మనీ దాకా వలసపోతున్నాయి. మా పారిష్ కొత్త చర్చికి వచ్చిన చిన్న పైపు ఆర్గాన్ మాత్రం పక్కవీధి చాపెల్‌ది.

గొట్టాలు మోయడానికి నన్నూ పిలిచారు. తగరం, సీసం కలిపిన మెత్తటి లోహం. గట్టిగా పట్టుకుంటే సొట్టే. పసిబిడ్డనెత్తుకున్నట్టు రెండు చేతుల మీదా మోశాను. అన్నిటికన్నా పొడుగుది 8 అడుగులు. చిన్నదాంట్లో పలికే భాగం నా చిటికెనవేలంత కూడా లేదు.

చిన్నప్పుడు మా ఊళ్ళో హార్మోనియాన్ని చంకన పెట్టుకుని ఏ ఇంటి ప్రార్థనకైనా వెళ్ళిపోయేవాళ్ళం. దీనికలా కుదరదు. పాత చాపెల్ రాతిగోడలకు అలవాటుపడిన గొట్టాలు మా తివాచీ మీద పీలగా పలికాయి. ఆర్గాన్ మేస్త్రీ ఒక్కో గొట్టం మూతి సవరిస్తూ రోజులకు రోజులు కూర్చున్నారు.

శ్రుతి చేసే రోజు హీటరు వేయాలా వద్దా అని కమిటీలో పెద్ద రభస. వెచ్చబడితే గొట్టం శ్రుతి పైకి పోతుంది. అందుకే ఆదివారం ఆరాధన వేళ ఉండే వెచ్చదనంలోనే శ్రుతి చెయ్యాలి. గ్యాసు బిల్లు కట్టే కోశాధికారి మొహం చూడాలి!

నిన్న మొదటి కీర్తన వాయించారు. కొంచెం బొంగురుగానే ఉంది. ఎదురింటి కుక్క చివరిదాకా మొరిగింది.